పండ్లపొడి, బ్రాసో, రోంత ఓపిక

మా మామ అంగట్లో నాకు మొదట చెప్పిన పని గడియారం విప్పడం కాదు, గ్లాసు తోమడం. 1972లో ఎనిమిదో తరగతి తప్పి ప్రొద్దుటూరులో ఆయన దగ్గర చేరాను. మూడడుగుల గాజుపెట్టె, దాని వెనక ఈతచాప మీద మామ, ఆయన మోకాలి పక్కన నేను. సాయంత్రం ఇంటికి పోతే మా జేజి అడిగేది: "ఏంరా, ఈపొద్దు ఎన్ని బోకులు తోమినావ్?" ఎగతాళికే అన్నా ఆమె మాటలో తప్పు లేదు. ఆమె బూడిదతో ఇత్తడి చెంబు తోమేది, నేను పండ్లపొడితో వాచీ తోమేవాణ్ని. తేడా అంతా పొడిలో ఉందని తెలిసేసరికి నాకు పదేళ్లు పట్టింది. ఒకాయన వాచీ గ్లాసు కూడా ఖర్చయింది.

మామది అసలు కంసాలి పని. ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరొచ్చింది బంగారం వల్లే. ఆయన కమ్మలు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. చైనాతో యుద్ధం ముగిసిన రెండు నెలలకు, 1963 జనవరిలో, బంగారం నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్. 14 క్యారెట్లు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. అంటే నూటికి 58 పాళ్లు బంగారం, మిగతాదంతా రాగీ వెండీ. కూతురి తాళిబొట్టు 14 క్యారెట్లలో చేయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? దేశమంతా కంసాలుల కుంపట్లు ఆరిపోయినాయి, మా మామది కూడా.

చేతిలో మిగిలింది పనిముట్లు. చిమటా, సన్న ఆకురాయి, చిన్న సుత్తి, మైనపుముద్ద, కంటికి పెట్టుకునే భూతద్దం. ఇవన్నీ గడియారానికీ పనికొచ్చేవే. మద్రాసులో దూరపు బంధువు దగ్గర ఆరు నెలలుండి వాచీ రిపేరు నేర్చుకొని వచ్చి, అదే అంగట్లో కుంపటి తీసేసి గాజుపెట్టె పెట్టినాడు. 1966లో 14 క్యారెట్ల షరతు సడలించినారు. తోటి కంసాలులు కొందరు మళ్లీ కుంపటి రాజేసినారు గానీ మామ పోలేదు. 1968లో ఆ ఉత్తర్వు చట్టమైంది, 1990లో ఆ చట్టమే రద్దయింది. అప్పటికి ఆయన లేడు. మా ఇంట్లో ఈ సంగతి వస్తే, "మొరార్జీ దేశాయి మీ మామ చేతికి గడియారం కట్టినాడు" అని నవ్వుకునేవాళ్లు. నవ్వే సంగతి కాదు గానీ, ఇరవై ఏళ్లు గడిస్తే దేనికైనా నవ్వొస్తుంది.

వాచీలకు గిరాకీ కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే మొదలైంది. 1961లో హెచ్.ఎం.టి. వాళ్లు జపాను సిటిజన్ కంపెనీతో కలిసి బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టినారు. అంతకుముందు మా ఊళ్లో వాచీ అంటే షావుకార్ల చేతికుండే వెస్ట్ ఎండ్, ఫావ్రే లూబా లాంటి స్విస్ సరుకు. హెచ్.ఎం.టి. జనతా వచ్చినాక బడిపంతులు చేతికి, గుమాస్తా చేతికి, చివరికి పెండ్లికొడుకు చేతికి కూడా వాచీ ఎక్కింది. వాచీ, సైకిలు, రేడియో మూడూ పెడితేగానీ అల్లుడు పీటల మీద కుదురుగా కూర్చోని కాలం అది. ఆ వాచీని అల్లుడు పదిహేనేళ్లు కట్టేవాడు. అన్నేళ్లు కడితే గ్లాసు మీద గీతలు పడక ఏమైతాయి?

గ్లాసు అంటాం గానీ అది గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. 1930లలో జర్మనీలో ప్లెక్సిగ్లాస్ అనీ, ఇంగ్లండులో పర్‌స్పెక్స్ అనీ అమ్మకానికి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడిపేవాడి తల మీది కప్పు కూడా దాంతోనే చేసినారు. వాచీకి అది దొరకడం మా అదృష్టం. కిందపడితే గాజులా పెంకులై ముల్లు మీదా డయలు మీదా రాలదు. కానీ దానికున్న జబ్బు ఒకటే, మెత్తన. గోడకు తగిలినా, సైకిలు హ్యాండిలుకు రాసుకున్నా గీత పడుతుంది. అంత సులభంగా గీత పడేది అంత సులభంగానే పోతుంది కూడా. మా పొట్టలు నిండింది అక్కడే.

మామ నాకు నేర్పిన పని ఇది. ముందు బొటనవేలి గోరు గీతకు అడ్డంగా లాగాలి. గోరు జారిపోతే పైగీత, పండ్లపొడి చాలు. గోరు తట్టుకుంటే లోతుగీత, పండ్లపొడితో పొద్దుగూకేదాకా తోమినా పోదు. తర్వాత బెల్టు విప్పి, గ్లాసు చుట్టూ కేసు అంచుకు, కీ ఇచ్చే బుడిపె చుట్టూ మైనం అద్దాలి. ఆ మైనం కంసాలి పనినాటిదే. పాత మల్లుగుడ్డ నాలుగు మడతలు వేసి నీళ్లలో ముంచి గట్టిగా పిండి, దాని మీద చిటికెడు తెల్ల పండ్లపొడి. గ్లాసు మీద వేలు చిన్న చిన్న చుట్లుగా తిరగాలి. ఒకేచోట నొక్కి తిప్పితే వేడెక్కి అక్రిలిక్ మసక వేస్తుంది. రెండు వందలు లెక్కపెట్టి ఆపి, తుడిచి, వాకిట్లోకి వచ్చి వెలుతురుకు వాచీని ఏటవాలుగా పెట్టి చూడాలి. అంగట్లో బల్బు కింద చూస్తే ప్రతి గ్లాసూ బాగున్నట్టే ఉంటుంది. గిరాకీదారు చూసేది వీధిలో ఎండలో కదా.

లోతుగీత అయితే ముందు ఎమరీ కాయితం. జీరో నంబరుది, నీళ్లలో నానబెట్టి. మొదటిసారి మామ నున్నని గ్లాసు మీద ఎమరీ రుద్దుతుంటే నాకు గుండె ఆగినంత పనైంది. ఒక్క గీత ఉన్న గ్లాసు నిమిషంలో పాలపొర కట్టినట్టు తెల్లబడిపోయింది. "గీత ఏదిరా?" అన్నాడు మామ. కనపడలేదు. "గీతను తీసేది మన వల్ల కాదు అబ్బీ. గీత అడుగు దాకా మిగతాదంతా దించేది, అంతే." తర్వాత బ్రాసో, దాని తర్వాత పండ్లపొడి. పావుగంటలో తెల్లదనం పోయి కింద అంకెలు ఒక్కొక్కటే బయటికొచ్చినాయి, ముందు పన్నెండు, తర్వాత ఆరు.

బంగారం ఊళ్లో ఈ లెక్క ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. నగకు మెరుగు పెట్టించినప్పుడల్లా పిసరంత బంగారం తగ్గుతుంది. అందుకే కంసాలి అంగడి ఊడ్చిన మట్టిని కూడా కడిగి బంగారం ఏరుకొని బతికేవాళ్లుంటారు. మెరుగు పెడతామని వీధుల్లోకి వచ్చి గొలుసును ఆసిడ్‌లో ముంచి సగం కరిగించుకుపోయే దొంగలు కూడా ఈ లెక్క మీదే బతుకుతున్నారు. వాచీ గ్లాసు పొడిని ఎవరూ ఏరుకోరు, అంతే తేడా.

బ్రాసో 1905లో ఇంగ్లండులో పుట్టిన సరుకు. మాకు దాన్ని పరిచయం చేసింది పోలీసులు, కాలేజీలో ఎన్.సి.సి. పిల్లలు. బెల్టు బిళ్ల తళతళలాడకపోతే వాళ్లకు శిక్ష, కాబట్టి డబ్బా ఎప్పుడూ దగ్గరుండేది. డబ్బా మూత తీస్తే అమోనియా ఘాటు ముక్కుకు కొడుతుంది. ఇత్తడికని చేసిందాన్ని ప్లాస్టిక్‌కు వాడొచ్చని ముందుగా ఏ ఊళ్లో ఎవడికి తోచిందో గానీ, నాకు తెలిసిన ప్రతి వాచీ అంగట్లో ఆ డబ్బా ఉండేది. మామకు మాత్రం బ్రాసో అంటే భయం. హెచ్.ఎం.టి. సోనా లాంటి బంగారు పూత వాచీకి అది అంచు దాటి తగిలితే నాలుగు రుద్దులకు పూత లేచిపోతుంది. "గ్లాసు పోతే కొత్తది ఏస్తాం, పూత పోతే యాడ తెచ్చేది?" అని మైనం రెండుసార్లు అద్దించేవాడు. బంగారాన్ని వదిలేసినా బంగారు పూత మీద ఆయనకు మమకారం పోలేదు.

ఏ పొడి పడితే ఆ పొడి పనికిరాదు. ఇంట్లో తోముకొని చెడగొట్టుకొని తెచ్చే వాచీలు మాకు వారానికి రెండైనా వచ్చేవి. ఒకాయన ముగ్గుపిండితో తోమినాడు, ఇంకొకాయన పొయ్యిలో బూడిదతో. వడ్లపొట్టు కాల్చిన బూడిద చేతికి పిండిలా మెత్తగా తగులుతుంది గానీ దాంట్లో ఎక్కువ పాలు సిలికా, అంటే ఇసుకజాతి. తెల్ల పండ్లపొడిలో తోమే సరుకు సుద్దజాతి, కాల్షియం కార్బొనేట్. ఇవన్నీ మామకు పేర్లతో తెలియవు. నాలిక మీద వేసుకొని ముందు పండ్ల మధ్య కొరికి చూసేవాడు. కరకరమంటే వద్దనేవాడు.

1981లో నేను జమ్మలమడుగులో సొంతంగా అంగడి పెట్టుకున్నాను. ఊరు మారితే గీతలు కూడా మారతాయని అక్కడ తెలిసింది. ప్రొద్దుటూరు వాచీలకు గీతలు అంచుల్లో ఉండేవి. మునివేళ్లతో, కూర్చొని చేసే పనులు కదా, గాజుపెట్టె అంచుకు, బీరువా తలుపుకు తగిలిన గీతలు అవి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన పాత క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. నర్సమ్మలకు నాడి చూడటానికి సెకండ్ల ముల్లు ఉన్న వాచీ తప్పనిసరి. వాళ్ల వాచీలకు గీతలు తక్కువ గానీ గ్లాసు లోపల వెంట్రుకల్లాంటి సన్న బీటలు, సాలెగూడు అల్లినట్టు. అది స్పిరిట్ చేసే పని. కేసులో బిగించిన అక్రిలిక్ ఎప్పుడూ ఒత్తిడి మీద ఉంటుంది. స్పిరిట్, థిన్నర్, పెట్రోలు లాంటివి తగిలితే ఆ ఒత్తిడి దగ్గరే విచ్చుకుంటుంది. ఆ బీటలు పైన ఉండవు, ఒంట్లో ఉంటాయి. ఏ పొడీ పనిచేయదు, గ్లాసు మార్చాల్సిందే.

ఇక నాపరాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ బండల గనులు, వాటిని నున్నగా చేసే పాలిషింగు ఫ్యాక్టరీలు. బయటి ఊళ్లలో కడప రాయి అని వంటింటి గట్టుకు వేసుకునేది ఈ బండే. అక్కడి మిషన్ల కింద నీళ్లతో కలిసి కారే తెల్లటి బురద ఎండితే ముట్టుకోవడానికి పౌడరులా ఉంటుంది. నాపరాయి అంటే సున్నపురాయే కదా, సున్నపురాయి అంటే పండ్లపొడిలో సరుకే కదా అని నాకు తెలివి పుట్టింది. పండ్లపొడి ఖర్చు మిగులుతుందని డబ్బా నిండా తెచ్చుకున్నాను. పంచె గుడ్డలో వడగట్టినాను. మామ చెప్పిన పండ్ల పరీక్ష మాత్రం చేయలేదు. మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన ఒక పెద్దాయన వెస్ట్ ఎండ్ వాచీ మీద మొదటి ప్రయోగం. ఒకే ఒక గీత, గోరుకు తగలనంత పైగీత. నూరు చుట్లు తిప్పి తుడిచేసరికి గ్లాసంతా గుండ్రని సన్న గీతలు, పాత గ్రామఫోను ప్లేటు మాదిరి. ఇంకా రుద్దితే పోతాయని ఇంకా రుద్దినాను.

ఆయన కోప్పడలేదు. వాచీని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక గీత తీయమంటే వెయ్యి చేసిచ్చినావే నాయనా" అన్నాడు. కొత్త గ్లాసు నా డబ్బుతోనే వేసిచ్చినాను.

ఎందుకట్లయిందో చాలా ఏళ్ల తర్వాత, జియాలజీ చదివిన మా చిన్నమ్మాయి చెప్పింది. జర్మనీకి చెందిన మోస్ అనే ఆయన 1812లో ఖనిజాల గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా మెట్లు పెట్టినాడట. ఏది దేన్ని గీస్తే అది పైమెట్టు. మన గోరు రెండున్నర, సున్నపురాయి మూడు, మామూలు గాజు ఐదున్నర, పెన్నలో ఇసుక ఏడు, వజ్రం పది. అక్రిలిక్ మూడుకు అటూ ఇటూ. సుద్దజాతి పొడి దాన్ని గీకదు, నున్నగా అరగదీస్తుంది. కానీ బండను నున్నగా చేయడానికి మిషనుకు బిగించేది కార్బొరండం రాయి. దాని మెట్టు తొమ్మిది దాటుతుంది. నేను తెచ్చుకున్న బురదలో సున్నపురాయి ఒక్కటే కాదు, ఆ మిషను రాయి అరిగి రాలిన నలుసులు కూడా ఉన్నాయి. కంటికి కనపడవు, గుడ్డలోంచి దిగిపోతాయి. కొరికి చూసుంటే కరకరమనేది. మామకు మోస్ పేరు తెలియదు గానీ ఆయన పండ్లలో ఆ మెట్లన్నీ ఉన్నాయి.

పులివెందులకు వారానికొకసారి పోయేవాణ్ని, ముద్దనూరు, తొండూరు మీదుగా బస్సులో, పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకొని. తెలిసినాయన బట్టలంగడి అరుగు మీద కూర్చొనేవాణ్ని. అక్కడివి రైతుల వాచీలు, చీనీతోటల వాళ్లవి, బుడ్డలు పండించేవాళ్లవి. చుట్టుపక్కల రాతినార, ముగ్గురాయి గనుల్లో పనిచేసే వాళ్లవి కొన్ని. గీతలు నడిమధ్యలో, అడ్డదిడ్డంగా, గంట ముల్లు కనపడనంత. ఇవి దేనికో తగిలి పడ్డవి కాదు, తుడిచి తుడిచి పడ్డవి. చేలో పనిచేసి గంట చూడాలంటే భుజం మీది తువ్వాలతో గ్లాసు తుడుస్తారు. తువ్వాల నిండా దుమ్ము, దుమ్ము నిండా ఏడో మెట్టు ఇసుక. శుభ్రం చేస్తున్నామనుకొని రోజుకు పదిసార్లు వాచీకి ఎమరీ పట్టేవాళ్లు. ముందు నోటితో ఊది, ఆ తర్వాత తుడవమని నేను చెప్పేవాణ్ని. ఎవరూ విన్నట్టు లేదు, వింటే నాకు గిరాకీ ఉండేది కాదు.

అక్కడ ఒక ముసలాయన జనతా వాచీ సర్వీసుకిచ్చినాడు. లోపలంతా కడిగి నూనె వేసి, అలవాటుగా గ్లాసు మీద గుడ్డ పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. గ్లాసు మీద తొమ్మిది నుంచి మూడు దాకా అడ్డంగా ఒక లోతైన గీత. "అది తీయొద్దు సామీ. మా ఇంట్లో నలుగురు అన్నదమ్ములకూ ఇదే వాచీ. గీత ఉండేది నాది." ఆ గీత జోలికి పోకుండా మిగతా గ్లాసంతా తోమిచ్చినాను. నేను చేసిన పనుల్లో అంత కష్టమైంది ఇంకొకటి లేదు.

1980ల్లో హైదరాబాదు ఆల్విన్ వాళ్లు జపాను సీకో సాయంతో వాచీలు తెచ్చినారు. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి టైటాన్ పెట్టినారు, ఫ్యాక్టరీ హోసూరులో. బ్యాటరీ వాచీలు వచ్చినాయి. కీ ఇచ్చే పని పోయిందని జనం సంతోషపడినారు, మేము దిగులుపడినాం. మెల్లగా అక్రిలిక్ పోయి వాచీకి నిజంగానే గాజు వచ్చింది. అది ఐదున్నర మెట్టు. సులభంగా గీత పడదు, పడితే మా పండ్లపొడికి లొంగదు. దాన్ని నున్నగా చేయాలంటే సీరియం ఆక్సైడ్ అనే పొడి, తిరిగే చక్రం, గంటల పని కావాలి. అంత కూలి ఇచ్చేకంటే కొత్త గ్లాసే అగ్గువ. ఇంకా ఖరీదు వాచీలకు నీలం రాయి జాతి గాజు, తొమ్మిదో మెట్టు. దాని మీద పండ్లపొడి రుద్దితే పొడి అరుగుతుంది.

ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. సెల్‌ఫోను వచ్చి మణికట్టు ఖాళీ చేసింది. 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయం తీసుకుంది. నడుమ కొన్నాళ్లు సినిమా సీడీలకు పేస్టు రుద్దితే ఆగకుండా ఆడతాయని పిల్లలు నా దగ్గరికి వచ్చేవాళ్లు. అది కూడా ప్లాస్టిక్కే కాబట్టి కొంత పనిచేసేది. మధ్య నుంచి అంచుకు నిలువుగా రుద్దాలి, వాచీ మాదిరి చుట్టూ తిప్పకూడదు. ఇప్పుడు ఫోను గాజుకు రుద్దుతున్నారు. మా మనవడు నా కళ్ల ముందే రుద్దినాడు. గీత పోలేదు. వేలిముద్రలు అంటకుండా గాజు మీద ఉండే సన్నపూత పోయింది. మూడు రోజులు ఆ ఫోను జిడ్డు మొహంతో ఉండింది.

నేను ఇప్పుడు ప్రొద్దుటూరుకే వచ్చేసినాను. కళ్లు సహకరించక రిపేర్లు మానుకున్నా, పాత వాచీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. జేజినాయన పెండ్లినాటి హెచ్.ఎం.టి.ని బీరువాలోంచి తీసి, ఫ్యాషనని కట్టుకునే పిల్లలు తెస్తారు. మీ ఇంట్లోనూ అట్లాంటిది ఒకటి ఉంటే, పేస్టు పూసే ముందు గ్లాసు మీద గోరుతో తట్టి చూడండి. మొద్దుగా టప్పుమని, ముట్టుకుంటే చల్లగా లేకపోతే అక్రిలిక్. తెల్ల పేస్టు బియ్యపుగింజంత, తడి నూలుగుడ్డ, రెండు వందల చుట్లు, చుట్టూ మైనం లేదా టేపు. మెరుపు రవ్వలుండే జెల్ వద్దు. టిక్కుమని మోగి చల్లగా తగిలితే అది గాజు. గాజయితే ఆ పేస్టుతో పండ్లు తోముకోండి.